రెండు శాతం కోసం

తలుపు తెరుచుకోలేదు!

మార్లిస్ భుజంతో గుద్దింది. మళ్లీ గుద్దింది. ఇనుప తలుపు. బయటి నుంచి గొలుసు వేసేశారెవరో!

వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు...

వాడికి తొందరేం లేదు. ఒక్కో మెట్టూ తీరిగ్గా దిగుతున్నాడు.

బయట ఊరి సైరన్ ఊళ పెడుతోంది. సుడిగాలి హెచ్చరిక. కర్నీ ఊరంతా ఈపాటికి బేస్‌మెంట్లలో దూరి ఉంటుంది. సాయంత్రం ఏడున్నరకే ఆకాశం కాటుకలా నల్లబడిపోయింది. గొంతు చించుకుని అరిచినా వినేవాడు లేడు.

"ఆ తలుపుకి గొలుసుంది మేడమ్. భుజం నొప్పి తప్ప లాభం లేదు."

చాలా మర్యాదగా అన్నాడు.

బూడిద రంగు రెయిన్‌కోటు. నున్నగా గీసిన గడ్డం. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. ఆ జేబు ఉబ్బెత్తుగా ముందుకి పొడుచుకొచ్చింది.

"ఎవరు నువ్వు? ఏం కావాలి నీకు?"

"పైకి పదండి. మీ కుర్చీ ఖాళీగా ఉంది."

"వెళ్లనంటే?"

గట్టిగా, చల్లగా ఏదో ఆమె పక్కటెముకల కింద ఆనింది. కోటు గుడ్డ మీదుగానే.

"జేబులో ఏముందో చూపించమంటారా?"

"వద్దు! వద్దు... వస్తున్నా."

మార్లిస్ మెట్లెక్కింది.

టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఎన్నికల సర్వే ఫోన్లు చేసే కాల్ రూమ్. వరసలు వరసలుగా చెక్క గూళ్లు. ఒక్కో గూట్లో ఒక కంప్యూటర్, ఒక హెడ్‌సెట్. సైరన్ మొదటిసారి మోగగానే అందరూ ఇళ్లకి పరిగెత్తారు. సూపర్‌వైజర్ మార్లిస్ కుబిచెక్ మాత్రం ఉండిపోయింది. పశువులు మేపే పడమటి జిల్లాల నుంచి, అదే కౌంటీల నుంచి, ఇంకో నాలుగు ఇంటర్వ్యూలు తక్కువయ్యాయట! రేపు చేస్తే కొంపలేం మునుగుతాయి? కానీ మొండిఘటం కదా... పదహారేళ్లలో ఒక్క సర్వే కూడా సగంలో వదల్లేదు.

ఇప్పుడు తిట్టుకుంటోంది. తనని తానే!

"కూర్చోండి."

కూర్చుంది.

కొత్తవాళ్లకి పని నేర్పేటప్పుడు వాడే రెండో హెడ్‌సెట్ ఉంటుంది. వాడు దాన్ని వెతకలేదు. నేరుగా చెయ్యి పెట్టి తీసుకున్నాడు. ఒక చెవికి తగిలించుకుని ఆమె వెనకాలే నిలబడ్డాడు.

"కనీసం పదిహేను శాతం వచ్చినవాళ్లకే గురువారం టీవీ డిబేట్‌లో చోటు. అవునా?"

"అవును."

"మీ సర్వేలో హోలెచెక్‌కి ఎంత?"

"అది బయటికి చెప్పకూడదు."

జేబు మళ్లీ వెన్నుకి తగిలింది.

"పదమూడు..." అంది మార్లిస్.

గవర్నర్ పదవికి పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీ ఇంకో పది రోజుల్లో. హోలెచెక్ రైతు, మాటకారి. ట్రాస్క్ బ్యాంకుల ఆసామి, అందరికంటే ముందున్నాడు. హోలెచెక్ డిబేట్‌లోకి అడుగుపెడితే ట్రాస్క్‌ని నమిలి ఉమ్మేస్తాడని రాష్ట్రమంతా అనుకుంటోంది.

"రెండు శాతం పెరగాలి. ఫోన్లు చెయ్యండి. ఎవరేం చెప్పినా మీరు హోలెచెక్ పేరే నొక్కండి."

హోలెచెక్ మనిషన్నమాట వీడు!

"అలా చేస్తే ఈ సర్వే చచ్చినట్టే."

"మీరు బతికుంటారుగా?"

మార్లిస్ హెడ్‌సెట్ తగిలించుకుంది.

కంప్యూటర్ నంబర్ కలిపింది. రింగ్... రింగ్...

"హలో?" కుర్ర గొంతు.

మార్లిస్ నోట్లోంచి మాటలు వాటంతటవే వచ్చాయి. కాగితంలో ఎలా ఉంటే అలా. అక్షరం అటూ ఇటూ కాకుండా. "ఈ కాల్ రికార్డవుతుంది. ఎవరి తరఫునా ఓటు అడగడానికి చేసింది కాదు. ప్రైమరీ ఈరోజే జరిగితే మీరు ఎవరికి ఓటేస్తారు?"

"ట్రాస్క్. తొందరగా కానీ, బీరు వేడెక్కిపోతోంది."

టక్. పెట్టేశాడు.

వెనక నుంచి వాడి వేలు ముందుకొచ్చింది. స్క్రీన్ మీద హోలెచెక్ పేరు చూపించింది. మాట లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు.

మార్లిస్ నొక్కింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకడు చెప్పిన మాటని ఇంకో మాటగా రాయడం... జీవితంలో ఇదే మొదటిసారి. నోట్లో ఎవరో బురద కుక్కినట్టుంది.

అంతలో గుర్తొచ్చింది.

రెనాటా!

ఒమాహా ఆఫీసులో కూర్చుని కాల్స్ దొంగచాటుగా వినడమే రెనాటా ఉద్యోగం. ఎప్పుడు ఎవరి లైన్లో దూరుతుందో దేవుడికి కూడా తెలియదు. చిన్న క్లిక్ కూడా వినపడదు. ఒక అభ్యర్థి పేరు కాస్త సాగదీసి పలికారా, అయిపోయారే! మర్నాడు ఫోన్ చేసి ఉతికి ఆరేస్తుంది. ఎంతమందిని ఏడిపించిందో... మార్లిస్ మాత్రం ఒక్కసారి కూడా దొరకలేదు.

అలాంటి మార్లిస్ ఒక అభ్యర్థిని పొగిడితే?

రెనాటా కుర్చీలోంచి ఎగిరి పడదూ! 'మెడ మీద కత్తి ఉంటే తప్ప మార్లిస్ ఈ మాట అనదు' అని ఆ మాత్రం తెలియదూ?

వీడికేం తెలుస్తుంది? వీడి మనిషినేగా పొగిడేది. పైగా సంతోషిస్తాడు కూడా!

రింగ్... రింగ్...

"ఎవరూ?" మోటు గొంతు. వెనకాల పశువుల అరుపులు.

"సర్, గవర్నర్ ప్రైమరీ గురించి సర్వే. ప్రైమరీ ఈరోజే జరిగితే..." మార్లిస్ ఊపిరి పీల్చుకుంది. "...హోలెచెక్‌కేగా మీ ఓటు? అందరూ ఆయన వైపే ఉన్నారు సర్. చాలా మంచి మనిషి!"

అనేసింది!

చెవులు వేడెక్కిపోయాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"సర్వే అన్నావ్, ప్రచారం మొదలెట్టావేంటి? సిగ్గులేదూ?"

టక్.

ఆమె భయంభయంగా వెనక్కి చూసింది. వాడు నవ్వుతున్నాడు.

"భలే! ఇలాగే కానివ్వండి. ఇంకాస్త గట్టిగా."

వెర్రి వెధవ, అనుకుంది మార్లిస్. రెనాటా, విను... దయచేసి విను!

సైరన్ ఆగింది. వడగళ్లు మొదలయ్యాయి. కిటికీ అద్దాలు పటపటమంటున్నాయి.

రింగ్... రింగ్... రింగ్...

"హలో! ఎవరు తల్లీ?" ముసలావిడ. చెర్రీ కౌంటీ నంబర్.

"అమ్మా, మీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో అందరికంటే ఈమధ్య పుట్టినరోజు వచ్చింది ఎవరికి? వాళ్లతో మాట్లాడాలి."

"ఉన్నదే నేనొక్కదాన్ని. పిల్లిని కూడా కలుపుకోవాలా?"

ఇంకో రోజైతే మార్లిస్ నవ్వేది.

"మీ పేరు చెప్పక్కర్లేదమ్మా..."

"ఎర్మా. చెప్తే తప్పేముంది? మూడు రోజులైంది మనిషి గొంతు విని. అడుగమ్మాయ్, ఎన్ని ప్రశ్నలైనా అడుగు."

సర్వే ఫోన్ అంటే జనానికి ఎంత ప్రేమో మార్లిస్‌ని అడగాలి. రోజుకి వంద తిట్లు. ఇలాంటి ఎర్మా ఒకరు తగిలితే పండగే. ఆ ఎర్మాతోనే ఈ పాడు పని చెయ్యాలి!

"ఎర్మా గారూ, హోలెచెక్‌కి వేస్తున్నారు కదూ? ఆ ట్రాస్క్‌కి వేస్తే రాష్ట్రం అమ్మేస్తాడు. మీరు హోలెచెక్ అనాలి... అంటారు కదూ?"

గొంతు వణికింది. ఆపుకోలేకపోయింది.

"ఇదిగో అమ్మాయ్... నలభై ఏళ్లు కాపురం చేసిన మొగుడు చెప్తేనే నేను వినలేదు. నువ్వు చెప్తే వింటానా?" ఎర్మా గొంతు తగ్గింది. "బాగానే ఉన్నావా? ఏడుస్తున్నట్టున్నావే?"

జేబు వెన్నులో గుచ్చుకుంది.

"ఏం లేదమ్మా. జలుబు. మీ విలువైన సమయం ఇచ్చినందుకు థాంక్యూ."

వాడు తన హెడ్‌సెట్ తీసేశాడు. బల్ల మీద పడేశాడు. బద్ధకం తీరేలా ఒళ్లు విరుచుకున్నాడు.

"చాలు మేడమ్. పనైపోయింది."

"రెండు శాతం...?"

"ఏ రెండు శాతం?"

వాడు వంగాడు. ఆమె ముఖం దగ్గరికి వచ్చాడు. పిప్పర్‌మెంట్ వాసన గుప్పుమంది.

"హోలెచెక్ డిబేట్‌కి వస్తే నా కొంప మునుగుతుంది. నేను ట్రాస్క్ మనిషిని."

మార్లిస్‌కి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"మీ రెనాటా వినాలనేగా అలా మాట్లాడారు? నాక్కూడా కావలసింది అదే! రెనాటా ఒక్కతే కాదు... ఈ సర్వేకి డబ్బిచ్చిన టీవీ వాళ్లు కూడా కాల్స్ వినొచ్చు. ఈ సాయంత్రం తప్పకుండా వినమని వాళ్ల చెవిలో నేనే వేశా. హోలెచెక్ మీ సర్వేని కొనేశాడని చెప్పా. ఇప్పుడు వాళ్ల చెవులతో వాళ్లే విన్నారు."

"నువ్వు... ఇదంతా నీకెలా తెలుసు?"

"నేనూ మీ కంపెనీకి డబ్బిచ్చి సర్వేలు చేయిస్తుంటా. మీరు ఫోన్ చేసి మాట్లాడుతుంటే నెలల తరబడి విన్నా. పరమ నిక్కచ్చి మనిషి. మిమ్మల్ని ఊరికే అడిగితే మాట తప్పుతారా? తప్పరు. అందుకే భయపెట్టా. సహాయం కోసం మీరే తప్పుతారనుకున్నా. తప్పారు!"

"తుపాకీ పెట్టి బెదిరించావ్! పోలీసులకి చెప్తా!"

"ఏ తుపాకీ?"

జేబులోంచి చెయ్యి తీశాడు. చేతిలో లావుపాటి స్టీలు టార్చిలైటు.

"తుపాకీ అని నేనన్నానా? మీరే అనుకున్నారు. గాలివానలో టార్చి పట్టుకుని తిరగడం కూడా నేరమేనా?" పకపకా నవ్వాడు. "కాల్ నడుస్తున్నప్పుడు నా గొంతు ఒక్కసారైనా విన్నారా? రికార్డింగ్ అంతా మీరే. మీ గొంతే."

నిజమే. ఫోన్ మోగిన ప్రతిసారీ వాడు రాయిలా నిలబడ్డాడు. ఆ మౌనాన్ని తను పట్టించుకోనే లేదు!

తన తెలివి తననే కట్టేసింది. మార్లిస్‌కి ఏడుపు కూడా రాలేదు. రేపు రాష్ట్రమంతా తన గొంతు మోగుతుంది. చాలా మంచి మనిషి సర్... చాలా మంచి మనిషి... పదహారేళ్ల పేరు గంటలో గంగపాలు. ఎవరికని చెప్పుకోను? ఎవరు నమ్ముతారు?

"ఇప్పుడు వినండి." వాడి గొంతులో మర్యాద పోయింది. "టీవీ వాళ్లొస్తారు. హోలెచెక్ డబ్బిచ్చాడని చెప్పు. కాస్త ఏడువు. వారం తిరిగేసరికి జనం నిన్ను మర్చిపోతారు. లేదూ, ఎవడో వచ్చి బెదిరించాడు అన్నావనుకో... నేనసలు ఈ ఊళ్లోనే లేను. గొలుసు వేసిందీ నేను కాదు, తీసేదీ నేను కాదు. అర్థమైందా?"

మార్లిస్ తలూపబోయింది.

అప్పుడు చెవిలో... సన్నగా... గరగరమంటూ...

"అమ్మాయ్! ఎవడే ఆ మగాడు?"

ఎర్మా!

మార్లిస్ చెయ్యి బటన్‌కి జానెడు దూరంలో ఉంది. నొక్కలేదు. నొక్కదు కూడా! ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లే ముందు పెట్టాలి, అడిగినవాళ్లు ముందు ఫోన్ పెట్టేయకూడదు. అది ఈ గదిలో చేరిన మొదటి రోజే నేర్పే పాఠం. ముసలివాళ్లకి ఫోన్ పెట్టడానికి ఒక్కోసారి రెండు నిమిషాలు పడుతుంది. ఎంతసేపైనా ఆగాలి. గాభరాలో, సిగ్గులో, చావుభయంలో కూడా పదహారేళ్ల అలవాటు ఆమె వేలిని ఆపేసింది.

అందరి కాల్సూ దూరం నుంచి విన్న ఈ పెద్దమనిషి, ఈ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు.

స్క్రీన్ మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. రికార్డింగ్!

"అంతా విన్నానే తల్లీ!" ఎర్మా అరుస్తోంది. "ట్రాస్క్ మనిషినన్నాడు! టార్చిలైటు అన్నాడు! ఏమిటీ అఘాయిత్యం?"

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. హెడ్‌సెట్ వైపు చూశాడు. ఆమె ముందు వెలుగుతున్న స్క్రీన్ వైపు చూశాడు.

వాడి ముఖం రంగు మారిపోయింది.

"పెట్టెయ్! ఫోన్ పెట్టెయ్!"

దూకాడు! మార్లిస్ బల్లని తన్ని కుర్చీతో సహా వెనక్కి దూసుకెళ్లింది. కుర్చీ చక్రాలు వాడి మోకాలికి తగిలాయి. గూడు పట్టుకుని తూలాడు. టార్చిలైటు నేల మీద దొర్లిపోయింది.

"ఎర్మా గారూ, పెట్టకండి!"

"నన్ను చంపినా పెట్టను!"

కిటికీ బయట వడగళ్లు ఆగాయి. దూరంగా ఇంకో సైరన్. ఈసారి సుడిగాలిది కాదు, పోలీసులది. రెనాటా విని పిలిచిందన్నమాట! దగ్గరవుతోంది.

వాడు తలుపు వైపు చూశాడు. వెనక మెట్ల వైపు చూశాడు... కింద గొలుసుంది.

మార్లిస్ లేచి నిలబడింది. మైక్‌ని నోటి దగ్గరికి లాక్కుంది. ఈసారి గొంతు వణకలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం అటూ ఇటూ కాకుండా చదివే గొంతు...

"సర్, ఈ కాల్ రికార్డవుతోంది. మీ పేరు చెప్తారా?"