రుచులన్నీ తీపే

నోట్లో వేలు పెడితే కొరకలేని మంచివాడని డైటీషియన్‌కి హాస్పిటల్లో పేరు. ఆ రోజు డెంటిస్ట్ అతని నోట్లో నిజంగానే వేలు పెట్టింది. అతను కొరికేశాడు.

“అబ్బా!” అంది ఆమె వేలు విదిలించుకుంటూ. “కరవడానికి మాత్రం పళ్ళు బాగానే పనిచేస్తున్నాయే! అసలేం తింటారు మీరు?”

“జెల్ అండీ. పరుగు రేసుల్లో తింటాం. చిన్న ప్యాకెట్లో చిక్కటి పాకం ఉంటుంది. చింపి నోట్లో పిండుకోవడమే. నమలక్కర్లేదు, ఆగక్కర్లేదు.”

“నాకు చెప్తున్నారా? నేనూ రేసులు చేస్తాను. దాంట్లో సగం కడుపులోకి పోతుంది, సగం పళ్ళకి అతుక్కుంటుంది. ఇంతకీ దాన్ని తినమని ఏ మహానుభావుడు చెప్పాడు మీకు?”

అతను పైనున్న లైటు వంక చూశాడు. ఎవరేం తినాలో చెప్పి జీతం తీసుకునే మనిషిని అడగకూడని ప్రశ్న అది.

“నేనే చెప్పుకున్నానండీ,” అన్నాడు. నోట్లో దూది ఉండడంతో ఆమెకు వినపడలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాల్సివచ్చింది.

ఆమె నవ్వింది. పన్ను బాగుపడింది కానీ మనిషి ఆ కుర్చీలోంచి పూర్తిగా లేవలేదు.

ఆమె చేసేవి జంటల రేసులు. ఒక ఆడ, ఒక మగ కలిసి తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా కొండలెక్కాలి, పడవ వెయ్యాలి, సైకిల్ తొక్కాలి. భోజనానికంటూ ఎక్కడా ఆగేది లేదు. కదులుతూనే తినాలి కాబట్టి ఏం తినాలన్నదే సగం రేసు. ఇన్నాళ్ళూ ఆమెకు జోడీగా వచ్చిన పిన్ని కొడుకు కాలు విరగ్గొట్టుకున్నాడు. జోడీగా వస్తారా అని ఈ పేషెంటుని అడిగితే ఎగిరి గంతేశాడు.

ప్రాక్టీసు మొదలైన రోజే గొడవలూ మొదలయ్యాయి. అతని ఫోన్లో అలారం మోగుతుంది. మోగగానే జెల్ తినాలి. ఆమె మాత్రం డబ్బాలో ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళదుంపలు తెచ్చుకుంటుంది.

“జెల్ టైమండీ.”

“నాకు ఆకలిగా లేదు.”

“ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఒళ్ళు అప్పటికే ఖాళీ అయిపోతుంది.”

“అయినా తినాలనిపించాలి కదండీ!”

“ఒంటికి కావాల్సింది శక్తి. అనిపించడంతో పనేముంది?”

“అందుకే మీ పేషెంట్లు దుప్పటి కప్పుకుని బిస్కెట్లు తింటున్నారు.”

ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ బస్టాపులో నిలబడ్డారు. ఆమె సగం దుంప అతని చేతిలో పెట్టింది. మొహమాటానికి తిన్నాడు. మీసానికి ఉప్పు అంటుకుంది. అది చూసి ఆమె పడీ పడీ నవ్వుతుంటే అతనికి ఆమె మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అలారం మోగింది.

“జెల్ టైమండీ,” అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆమె ఒక వార్త మోసుకొచ్చింది. పేరున్న నలుగురి టీము ఒకటి ఆమెను రమ్మంటోంది. చేరితే ఇక ఏడాదంతా వాళ్ళతోనే ఊళ్ళు తిరగాలి.

“ఈ రేసు అయ్యాక చెప్తానన్నాను,” అంది. “ఈసారి తిండి మొత్తం మీ ఇష్టం. మీ సైన్సేంటో చూద్దాం.”

అతను ఈ రేసు సాఫీగా పూర్తిచేయిస్తే ఆమె తనతోనే ఉండిపోతుందని ఆశపడ్డాడు. కూర్చుని లెక్కలు కట్టాడు. ఒకే రుచి అయితే నోటికి విసుగొస్తుందని మామిడి, నారింజ, స్ట్రాబెర్రీ, పైనాపిల్ జెల్‌లు తెచ్చాడు. మారింది వాసనేననీ, అన్నీ తీపేననీ ఆ లెక్కల్లో ఎక్కడా తేలలేదు. అంత చదువు చదివి అక్కడ పప్పులో కాలేశాడు.

రేసు రోజు కొండ దాకా బాగానే ఉంది. పడవలోనూ ఆమె మాట్లాడకుండా మింగింది. సైకిలెక్కాక అలారం మోగితే తల అడ్డంగా ఊపింది.

“మామిడి ఇవ్వనా?”

“వద్దు.”

“పోనీ నారింజ?”

“వద్దు.”

“స్ట్రాబెర్రీ కూడా...”

“దాని పేరెత్తితే ఇక్కడే కక్కేస్తాను.”

ఇంకాస్త దూరం పోయేసరికి ఆమె చేతులు వణికాయి. సైకిలు దిగి రోడ్డు పక్కన కూలబడింది. వాన మొదలైంది. ఒక్కొక్క జంటా దాటిపోతోంది. ఈ రేసు ఇక్కడే ఆగిపోతే ఆమె రేపే ఆ టీములోకి వెళ్ళిపోతుందని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి తేలు కుట్టిన దొంగలా తన సంచీ అడుగునుంచి ఒక డబ్బా తీశాడు. ఆమె మూత తీసింది. ఉప్పు చల్లిన బంగాళదుంపలు!

“ఇవెవరివి?”

“నావేనండీ.”

“పొద్దున్నుంచీ నా నోట్లో పాకం పోసి, మీరు దుంపలు తెచ్చుకున్నారా?”

“మీకు ఏది మంచిదని చదివానో అది మీకు పెట్టాను.”

“మరి ఇవి?”

“ఇవి మంచివో కాదో తెలీదు. తింటుంటే మీరు పక్కనున్నట్టుంటుందని.”

“నేను పక్కనే ఉన్నాను కదండీ!”

“రేసయ్యాక ఉండరు కదా.”

ఆమె దుంపలన్నీ తినేసింది. అతనికి మర్యాదకైనా ఒక ముక్క మిగల్చలేదు. కాసేపటికి మొహంలోకి రంగు తిరిగొచ్చింది. మిగిలిన జెల్‌లన్నీ అతని చేతిలో పోసి సైకిలెక్కింది. అలారం మోగినప్పుడల్లా ఇప్పుడు మింగేది అతను ఒక్కడే.

“ఎలా ఉంది?” అంది వెనక్కి తిరిగి.

“ఘోరంగా ఉందండీ.”

ఫినిష్ లైన్ దగ్గరికి చేరేసరికి జెండాలు పీకేస్తున్నారు. గొడుగు కింద ఆ నలుగురి టీము కెప్టెన్ ఎదురుచూస్తోంది. పొడుగ్గా, తలంతా నెరిసిన మనిషి.

“ఏం నిర్ణయించుకున్నావమ్మా?” అంది డెంటిస్ట్‌తో.

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. “ఆవిడ మీతోనే వస్తారండీ. ఇవాళ నా వల్లే దారిలో పడిపోబోయారు. మీ దగ్గరుంటేనే ఆవిడకి మంచిది.” అంటూనే చేతిలో ఉన్న ఖాళీ జెల్ ప్యాకెట్‌ని నలిపేశాడు.

“మళ్ళీనా!” అంది ఆమె కోపంగా. “నాకేది మంచిదో మళ్ళీ మీరే చెప్తున్నారా? పొద్దున్నుంచీ చేసిందదేగా! నాకేం కావాలో ఒక్కసారైనా అడిగారా?”

అతను ఇన్నేళ్ళ ఉద్యోగంలో అందరి బరువూ అడిగాడు, ఎత్తూ అడిగాడు, షుగరెంతో అడిగాడు. ఈ ఒక్క మాట మాత్రం ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

“మీకేం కావాలండీ?” అన్నాడు భయంభయంగా.

“నువ్వు,” అంది.

కెప్టెన్‌కి వెంటనే అర్థమై గొడుగు వాళ్ళకిచ్చేసి వెళ్ళిపోయింది. ‘మీరు’ ఎటు పోయిందా అని వెతుక్కుంటూ అతను మాత్రం కాసేపు అలాగే నిలబడిపోయాడు.