గేట్లెత్తమనే స్టిక్కర్

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో పెద్దాయన బల్లమీద ఒక ఫొటో పెట్టాడు. గోడకంటించిన పోస్టర్ అది. "భోజనం బాగోలేదా? స్కాన్ చేసి చెప్పండి" అని రాసుంది. కింద నారింజరంగు క్యూఆర్ కోడ్, దాని నడుమ చిన్న చెంచా బొమ్మ. ముచ్చటగా ఉంది, పాపిష్టిది.

"పొద్దున్నే డ్యామ్ ఆఫీసు క్యాంటీన్‌లో వెలిసింది. స్కాన్ చెయ్యి సూదీ. సెండ్ నొక్కావో, చంపేస్తాను."

సూది అంటే మన ఏజెంటే. మనిషి సన్నం, ఎక్కడైనా దూరిపోతాడు. ఇంట్లోవాళ్లకి మాత్రం కళ్లజోళ్లు అమ్ముకునే అమాయకుడు.

స్కాన్ చేశాడు. మెయిల్ తెరుచుకుంది. అడ్రసు, సబ్జెక్టు, లోపలి మాటలు, అన్నీ ముందే నింపి ఉన్నాయి. వెళ్లేది గేట్ హౌస్‌కి. "అన్ని గేట్లూ వెంటనే పూర్తిగా ఎత్తండి. ఇట్లు, డ్యూటీ ఇంజినీర్."

సూది వేలిని సెండ్‌కి దూరంగా జరుపుకున్నాడు.

"అక్కడ ఫోన్‌లో చెబితే గేటెత్తరు," అన్నాడు పెద్దాయన. "డ్యూటీ ఇంజినీర్ ఆఫీసు ఐడీ నుంచి మెయిల్ రావాలి. గేట్ హౌస్‌లో ఒకణ్ణి విదేశీ ముఠా కొనేసింది. ఎవడో తెలీదు. మెయిలొస్తే చాలు, ఆర్డరొచ్చింది ఎత్తాను అంటాడు. దిగువన ఏటి ఒడ్డున బస్తీ. పిల్లా జెల్లా, అంతా అక్కడే."

"చదవకుండా ఎవరైనా పంపేస్తారా సార్?"

"ముందే రాసిపెట్టినదాన్ని నువ్వెప్పుడైనా చదివావుటయ్యా?" పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకోటి. మధ్యాహ్నం డ్యూటీ ఇంజినీర్ మీ చెల్లెలే."

ఆ పిల్లకి తిండి దగ్గర కోపం ముక్కుమీదుంటుందని సూదికి తెలీదూ!

"పోస్టర్ పీకేద్దాం."

"క్యాంటీన్ కెమెరా ముఠా చేతిలో ఉంది. పీకితే నెమలి చస్తుంది. ఆ కోడ్ చేసింది తనే. ముఠాలో మన మనిషి. అంటే, మన మనిషేనని నా నమ్మకం."

నెమలి సినిమా హాలు మెట్లమీద కలిసింది. పట్టుచీర, ఎర్రని పెదాలు, దారినపోయేవాళ్లంతా తలతిప్పి చూసేంత అందం.

"చలవ కళ్లద్దాలు కావాలా?" అన్నాడు సూది.

"ఎండే లేదుగా," అని జవాబిచ్చి పౌడరు డబ్బా చేతిలో పెట్టింది. లోపల స్టిక్కర్. "అదే రంగు, అదే చెంచా, అవే మాటలు. అడ్రసు మాత్రం మీ పెద్దాయనది. పాతదానిమీద అంటించు."

"నిన్ను నమ్మేదెలా?"

"స్కాన్ చేసి చూసుకో. స్కాన్ చేస్తే మెయిల్ తెరుచుకుంటుందంతే. పంపేది మనిషి వేలు." వెళ్లబోతూ ఆగింది. "నాకూ ఒక చెల్లెలుంది, సూదీ. వాళ్ల దగ్గర."

చూశాడు. అడ్రసు పెద్దాయనదే.

బుగ్గమీసాలు, ఏప్రన్, కాస్త గూని. వడ్డించేవాడి వేషంలో సూది క్యాంటీన్‌లో అడుగుపెట్టాడు. గోడ తుడుస్తున్నట్టు గుడ్డ ఆడించి, ఆ చాటున కొత్త స్టిక్కర్ పాతదానిమీద అతికించాడు. హమ్మయ్య అనుకుంటూ వెనక్కి తిరిగాడు.

చెల్లెలు అప్పటికే బల్ల దగ్గర కూర్చుంది. తెరిచిన మెయిల్ ఫోన్‌లో. లోపలికొస్తూనే స్కాన్ చేసేసింది, పాతదాన్ని! బొటనవేలు సెండ్ మీదకి పోతోంది.

అరిస్తే కెమెరా చూస్తుంది. అరవకపోతే బస్తీ మునుగుతుంది.

చెల్లెలు ఒక్క చెంచా తాగి పక్కకి నెట్టిన సూప్ గిన్నె సూది కంటబడింది. తూలిపడ్డట్టు పడి మొత్తం ఫోన్‌మీద ఒంపేశాడు.

"కళ్లు నెత్తికెక్కాయా?" చెల్లెలు లేచి నిలబడింది. "ఫోనయ్యా అది!"

"తప్పైపోయిందమ్మా, తుడిచేస్తాను," అని బొంగురుగా గొణిగి, గుడ్డ కింద వేలితో ఆ మెయిల్‌ని చెరిపేశాడు.

"నీ సంగతి చెప్తానుండు." ఫోన్ లాక్కుని, విసవిసా పోస్టర్ దగ్గరికి పోయి మళ్లీ స్కాన్ చేసింది. ఈసారి కొత్తదాన్ని. టకటకా ఏదో కొట్టి పంపేసింది.

కెమెరాలో చూసిన ముఠా సంబరపడింది. గేట్ హౌస్‌లోవాడు మాత్రం ఎదురుచూసి ఎదురుచూసి, ఉండబట్టలేక వాళ్లకి ఫోన్ చేశాడు. "మెయిల్ ఇంకా రాలేదేం?" గేట్ హౌస్ ఫోన్లని చాటుగా వింటున్న పెద్దాయన మనుషులకి ఆ మాట చిక్కింది. ఫోన్‌కి అటువాళ్లూ ఇటువాడూ ఒకేసారి దొరికారు.

నెమలి దొరకలేదు. ఆమె చెల్లెలూ దొరకలేదు. ఇద్దరూ కలిసే పారిపోయారో, ఇంకేమైనా జరిగిందో. పౌడరు డబ్బా ఇంకా సూది జేబులోనే ఉంది. పారెయ్యడానికి చెయ్యి రావట్లేదు.

సాయంత్రం కళ్లజోళ్ల షాపులో పెద్దాయన ఫోన్ చూపించాడు. "మీ చెల్లెలి మెయిల్. పైన రెండు ముక్కలు సొంతంగా కలిపింది."

"సూప్ చల్లగా ఉంది. వడ్డించేవాడు దాన్ని నా ఫోన్‌మీదే ఒంపాడు. చూడ్డానికి అచ్చం మా అన్నయ్యలా ఉన్నాడు, పనితనమూ అంతే. వెంటనే తీసెయ్యండి." దాని కిందే, తను కన్నెత్తి చూడని వాక్యం: అన్ని గేట్లూ వెంటనే పూర్తిగా ఎత్తండి.

"డ్యూటీ ఇంజినీర్ ఆర్డరు మరి," అన్నాడు పెద్దాయన. "ఏం చేద్దామంటావ్?"

సూది మీసాలు పీకి బల్లమీద పెట్టాడు.

"గేట్ల సంగతి వదిలెయ్యండి సార్. ఆ వడ్డించేవాణ్ణి మాత్రం తీసెయ్యండి."