సింకు మీద రెండు కళ్ళు

"ఎవరి కళ్ళండీ ఇవి?" అని అడిగాడు ఇంకు.

"ఎవరివైతే మీకెందుకు? ప్రింట్ తీసివ్వండి చాలు" అంది ఆ అమ్మాయి.

"తీస్తాను, నాదేం పోయింది. కానీ ఇది నెట్‌లో దొరికిన చిన్న ముక్క. రెండడుగులకి సాగదీస్తే కళ్ళు కనిపించవు, గళ్ళు కనిపిస్తాయి. తర్వాత ప్రింటింగ్ సెక్షన్ వాడికి పని రాదని నన్నే అంటారు."

అతనికి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. కానీ స్కూలు పుస్తకాలు అచ్చేసే ఆ కంపెనీలో చేరిన మొదటి నెలలోనే వేళ్ళకి పట్టిన రంగు ఎనిమిదేళ్ళయినా ఏ సబ్బుకీ వదల్లేదు. దాంతో ఆఫీసంతా ఇంకు అని పిలవడం మొదలుపెట్టింది. అతనూ పలకడం మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి వచ్చి నాలుగు రోజులే. మనుషులు నలుగురిలో ఉన్నప్పుడు ఎలా నడుచుకుంటారు, ఎందుకలా నడుచుకుంటారు అన్నది ఆమె చదువు. రీసెర్చి కోసం మూడు నెలలు ఇక్కడ కూర్చుంటానంటే కంపెనీ పెద్దాయన సరేనన్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. ముందు రెండో అంతస్తులో అందరూ కాఫీలు కలుపుకునే ప్యాంట్రీ సంగతి తేల్చాలి.

ప్యాంట్రీ సంగతేమిటంటే, దాన్ని చూసుకునే పెద్దమ్మ కూతురి కాన్పుకని సెలవు మీద వెళ్ళింది. అప్పటినుంచి సింకు నిండా ఎంగిలి కప్పులే. మీ కప్పు మీరే కడుక్కోండి అని కాగితం అంటిస్తే, అది కూడా రెండు రోజులకి ఊడి కప్పుల్లోనే పడింది.

"అందరూ మంచివాళ్ళేనండీ" అంది ఆ అమ్మాయి. "ఎవరో ఒకరు కడుగుతారులే అనుకుంటారు. ఆ ఎవరో ఒకరు అనే మనిషి మాత్రం ఎక్కడా ఉండడు. ఒక ఎంగిలి కప్పు కనబడితే రెండోది పెట్టడానికి చెయ్యి జంకదు. అదే గోడ మీద రెండు కళ్ళు ఉన్నాయనుకోండి, బొమ్మే అని తెలిసినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. చెయ్యి దానంతటదే కొళాయి తిప్పుతుంది."

"అయితే చూస్తున్నట్టుండే కళ్ళు కావాలి."

"అదే కదా చెబుతున్నాను."

"మీవి అలాగే ఉన్నాయి కదండీ" అనేసి నాలుక్కరుచుకున్నాడు ఇంకు.

ఆమె కోప్పడలేదు. కాసేపు ఆలోచించి, తెల్లగోడకి ఆనుకుని నిలబడి, "తీయండి ఫొటో" అంది.

తీశాడు. తీయడానికి ఎంతోసేపు పట్టలేదు గానీ, రంగులు సరిచేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఎడమ కన్ను కుడిదానికంటే పిసరంత పెద్దది. కుడి కంటి కింద ఆవగింజంత పుట్టుమచ్చ. దాన్ని తుడిచేయడం రెండు క్లిక్కుల పని. మనవాడికి చెయ్యి రాలేదు. రెండడుగుల కళ్ళని అంత దగ్గరగా కూర్చుని సాయంత్రం దాకా చూస్తే ఎవడికైనా ఏమవుతుందో అతనికీ అదే అయింది.

ఒక వారం కళ్ళ బొమ్మ, ఒక వారం పువ్వుల బొమ్మ, అలా ఆరు వారాలు. రోజూ పొద్దున తొమ్మిదింటికి సింకులో ముందురోజు ఎంగిలి కప్పులు ఎన్నున్నాయో లెక్క రాసుకోవాలి. ఇదీ ప్రయోగం. పువ్వులెందుకో కూడా ఆమె వివరంగానే చెప్పింది. కానీ ఆ పూట ఇంకు చెవులు పనిచేయలేదు. రోజూ అవే కళ్ళంటే జనానికి విసుగని మధ్యలో పువ్వులు పెడుతున్నారు కాబోలు అనుకున్నాడు.

కళ్ళ బొమ్మ అంటించిన మర్నాడు, లెక్క మొదలైన మొదటి రోజు తొమ్మిదింటికి ఇంకు కాఫీ వంకతో ప్యాంట్రీలోకి తొంగిచూశాడు. అంతకుముందు ముప్ఫై దాటే కప్పులు ఆ రోజు పదకొండే ఉన్నాయి. ఆమె నోట్‌బుక్ పట్టుకుని కనుబొమ్మలు ముడిచి నిలబడింది. లెక్క తప్పకూడదని ముడిచిన కనుబొమ్మలవి. మనవాడికి మాత్రం దిగులుగా కనిపించాయి. పాపం, పదకొండు మిగిలిపోయాయని బాధపడుతోంది అనుకున్నాడు.

మర్నాడు ఏడుంబావుకే ఆఫీసుకొచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఉన్న కప్పులన్నీ కడిగి బోర్లించాడు.

ఇక చూడండి, అది రోజువారీ పనైపోయింది. కళ్ళున్న వారం పదో పన్నెండో కడిగేవాడు. పువ్వులున్న వారం ముప్ఫై పైనే. ఈ పువ్వులు బొత్తిగా పనికిరాని బొమ్మ అని విసుక్కునేవాడే తప్ప, అది ఎందుకలా ఉందని ఆలోచించిన పాపాన పోలేదు.

ఆఫీసులో మాత్రం పండగలా ఉంది. "నేను గట్టిగా చెప్పబట్టే దారికొచ్చారు" అన్నాడు అకౌంట్స్ బాబాయి, తాగిన కప్పు సింకులో పెడుతూ. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళు మారిపోయారనుకున్నారు.

ఆ అమ్మాయికి ఆఫీసులో కళ్ళమ్మాయి అని పేరొచ్చేసింది. ఆమె పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఒక్కోసారి ఇంటికి వెళ్ళేముందు కూడా ప్రింటింగ్ సెక్షన్‌కి వచ్చేది. ఎప్పుడూ ఒక్క పేజీ ప్రింటు కోసమే.

"మీరు రోజూ ఆ స్టూలు మీదే ఎందుకు కూర్చుంటారు? పక్కన మంచి కుర్చీ ఉందిగా."

"అలవాటండీ."

"అదే. రెండోసారి కూర్చోగానే మనిషి అది తనదనుకుంటాడు."

"మీరు మూడుసార్లు కూర్చున్నారు ఆ కుర్చీలో."

ఆమె ఒకసారి కుర్చీ వంకా, ఒకసారి అతని వంకా చూసి పేజీ తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకు ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఇంట్లో ముందు పసిగట్టింది అమ్మ. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసిన మనిషి, ఆమె దగ్గర ఏదీ దాగదు.

"నీ వేళ్ళకి రంగేదిరా?"

"పోయిందమ్మా."

"ఎనిమిదేళ్ళు పోనిది ఇప్పుడెలా పోయింది? చర్మం చూడు, ఎలా నానిపోయిందో. ఎక్కడ గిన్నెలు తోముతున్నావు?"

చెప్పక తప్పలేదు. కప్పులు, కళ్ళు, పుట్టుమచ్చ, అన్నీ చెప్పాడు. అమ్మ అంతా విని, "ఇంట్లో తాగిన గ్లాసు తీసిన పాపాన పోలేదు గానీ, ఊళ్ళోవాళ్ళ ఎంగిళ్ళు కడుగుతున్నావన్నమాట" అంది. "ఆ కళ్ళ బొమ్మేదో మన వంటింట్లో కూడా ఒకటి అంటించు."

ఆరు వారాలూ అయిపోయాయి. కళ్ళమ్మాయి పెన్‌డ్రైవ్ తెచ్చి, "నలభై పేజీలు, పది కాపీలు" అంది నీరసంగా.

ఇంకు మెషీన్ ఆన్ చేసి సంతోషంగా ఆమె వైపు తిరిగాడు. "కంగ్రాట్సండీ. ఒక్క కప్పు లేదు."

"దేనికి కంగ్రాట్స్? మొదటి రోజు వదిలేస్తే, కళ్ళున్నప్పుడూ సున్నా, పువ్వులున్నప్పుడూ సున్నా. అంటే నా కళ్ళ వల్ల ఒరిగిందేం లేదని. పువ్వుల వారం కప్పులు పేరుకుపోవాలండీ, అప్పుడే కదా కళ్ళు పనిచేసినట్టు. మూడేళ్ళుగా పట్టుకు వేలాడుతున్న ఐడియా తప్పని నా చేత్తో నేనే రాశాను. మీరు దాన్ని పది కాపీలు తీస్తున్నారు."

ఇంకు తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"ఎల్లుండి గైడ్ మేడంకి ఇవ్వాలి. పోయినేడు ఒక ప్రయోగం ఇలాగే పోయింది. ఈసారి కూడా ఇంతేనంటే నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా మావయ్య ట్రావెల్స్‌లో టికెట్లు బుక్ చేసుకుంటూ కూర్చోవాలి."

మెషీన్ మూడో కాపీలో ఉంది. చెబితే ఎందుకు కడిగావని అడుగుతుంది. ఆ తర్వాత ఈ సెక్షన్ గడప తొక్కదు. చెప్పకపోతే ఆమె చదువు తన చేతులతోనే సింకులో పోసినట్టు. ఎలా చేసినా పోయేది తన ప్రాణమే. కానీ చెప్పకపోతే ఆమెది కూడా పోతుంది.

చెయ్యి చాపి ఎర్రబటన్ నొక్కాడు. మెషీన్ ఆగిపోయింది.

"కాగితం అయిపోయిందా?"

"కాదండీ. ఆ కప్పులు కడిగింది నేను."

"ఏ కప్పులు?"

"అన్నీ. రెండో రోజునుంచీ."

ఆమె చూపు అతని వేళ్ళ మీద పడింది. రంగు లేదు. ఆరు వారాలుగా ఆ చేతుల్లోంచి పేజీలు అందుకుంటూ ఎలా గమనించలేదో ఆమెకే అర్థం కాలేదు. మనుషుల్ని చదవడమే పనిగా పెట్టుకున్న మనిషి మరి.

"ఎందుకు?" అంది. గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది.

"కప్పులు ఉండకూడదనుకున్నాను. మీరు దిగులుగా ఉన్నారనుకున్నాను."

"నేను లెక్కపెడుతున్నాను."

"ఇప్పుడు తెలిసిందండీ."

ఆమె బ్యాగులోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "ఏ రోజు, ఎన్ని, ఎందుకు. రాసి సంతకం పెట్టండి. ఇది చూపిస్తే మేడం ఇంకో అవకాశం ఇవ్వొచ్చు. కారణం ఖాళీగా వదిలితే ఒప్పుకోదు."

ఇంకు తారీఖులు రాశాడు. కప్పులు రాశాడు. కారణం దగ్గర పెన్ను ఆగింది. చివరికి ధైర్యం కూడగట్టుకుని రాసి, ఫారం ఆమె వైపు తోసి, ఏమీ పని లేకపోయినా మెషీన్ మూత తెరిచి అందులో తల దూర్చాడు.

'లెక్కపెట్టే మనిషి ముఖం చిన్నబోకూడదని. ఆమె అంటే నాకు చాలా ఇష్టం.'

ఆమె ఆ రెండు ముక్కలూ రెండుసార్లు చదివింది. తర్వాత ఆమె నిదానంగా అంది. "ఇది ఇష్టం కాకపోవచ్చు. రోజూ ముప్ఫై కప్పులు కడిగిన మనిషి, నేనెందుకిలా చేస్తున్నానని తనని తనే అడుక్కుంటాడు. జవాబు దొరక్కపోతే, ఇష్టం కాబట్టి అని సర్దిచెప్పుకుంటాడు. చేసిన పనికి మనసు వెతుక్కునే సాకు. దీని మీద బోలెడు చదువు ఉంది."

"అంటే కడగడం మానేస్తే ఇష్టం పోతుందంటారా?"

"పోవచ్చు. తేల్చాలంటే ఒకటే దారి."

గైడ్ మేడం ఆ ఫారం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివిందట. రెండు వారాలు గడువిచ్చింది. షరతులు పెట్టింది మాత్రం కళ్ళమ్మాయే. ఇంకు తన కప్పు తప్ప వేరే కప్పు ముట్టుకోకూడదు. ఆ రెండు వారాలూ ఆమె ప్రింటింగ్ సెక్షన్‌కి రాదు.

మొదటి షరతు తేలికే. రెండోదే చంపేసింది. ఖాళీ కుర్చీ వంక చూసి చూసి ఇంకు మెడ పట్టేసింది. రెండో వారం పువ్వులొచ్చాయి. సింకులో కప్పులు కొండలా పేరుకున్నాయి, అన్నిటికంటే పైన అకౌంట్స్ బాబాయిది. ఇంకు తన కప్పొకటి కడుక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికి వచ్చేవాడు.

పదిహేనో రోజు పొద్దున ఆమె వచ్చింది. వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రోజుకి సగటున కళ్ళకి తొమ్మిది. పువ్వులకి ముప్ఫై మూడు" అంది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కావడం లేదు. "మేడం పేపరు రాయమంది. సీటు ఎక్కడికీ పోదు."

ఇంకుకి ఎంత సంతోషమేసిందంటే ఏం అనాలో తెలియక, "ప్రింట్ తీయనా?" అన్నాడు.

"ముందు చేతులు చూపించండి."

చూపించాడు. వేళ్ళకి మళ్ళీ రంగు ఎక్కింది, గోళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి.

"కప్పులైతే కడగలేదు. మరి ఆ ఫారంలో కారణం?"

"అదేనండీ."

"కొంచెమైనా తగ్గిందా?"

"పెరిగింది. మీ చదువులో దీనికేమంటారో నాకు తెలియదు."

ఆమె తల వంచుకుంది. రెండడుగుల సైజులో ఎన్నోసార్లు చూసిన ఆ కళ్ళు రంగంటిన అతని వేళ్ళ వంక చూస్తున్నాయి.

"ఒక మాట చెప్పాలి. నా డెస్కు పక్కనే ఒక ప్రింటరుంది."

"తెలుసు. బిగించింది నేనే."

"తెలిసీ అడగలేదేం, ఒక్క పేజీకి ఇంతదూరం ఎందుకొస్తున్నావని?"

"అడిగితే రావడం మానేస్తారేమోనని భయమేసింది."

"నీ చేత ఫారం రాయించాను గానీ, అందులో నేను రాయాల్సిందీ అదే కారణం" అంది ఆమె. మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు.

ఆ వారాంతం ఆమె చుట్టిన కాగితంతో ఇంకు వాళ్ళింటికి వచ్చింది. అమ్మ అడిగిన బొమ్మ మరి. అమ్మ దాన్ని వంటింటి గట్టు మీద పరిచి, ఒకసారి బొమ్మనీ ఒకసారి మనిషినీ చూసింది. ఇంకు ముగ్గురూ తాగిన కప్పులు పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కొళాయి తిప్పాడు.

"మచ్చ కూడా తుడవలేదు మావాడు" అంది అమ్మ. "ఇది అంటిస్తే ఎన్నాళ్ళు పనిచేస్తుందమ్మా?"

"నెలో రెండు నెలలో ఆంటీ. తర్వాత కళ్ళకి అలవాటుపడిపోతారు. ఎంతైనా బొమ్మే కదా."

"అయితే నాకు బొమ్మొద్దు" అని అమ్మ కాగితాన్ని మళ్ళీ జాగ్రత్తగా చుట్టేసింది. "లెక్క తిన్నగా ఉండాలంటే మనిషే ఉండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడటానికి నన్నెప్పుడు రమ్మంటావు?"

ఇంకు చేతిలో కప్పు ఉన్నచోటే ఉండిపోయింది. కళ్ళమ్మాయి అతని వంక చూసింది, నవ్వింది.

"వచ్చే ఆదివారం రండి అత్తయ్యా."

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నీళ్ళు పోతున్నాయి, కొళాయి కట్టెయ్యరా" అంది.