కడుపులో వెలిగిన దీపాలు

"ఆ సొరని ఇచ్చెయ్యండి!"

"ఇవ్వను."

సన్నని వానలో హెదా రేవు వైపు సాగుతున్న పడవ మీద, నీళ్లతొట్టెకు చెరొక వైపున నిలిచి, యువ జాలరి తెప్పేయి, మినోరి ఒకరినొకరు కన్నార్పకుండా చూసుకుంటున్నారు.

సురుగా అఖాతంలో అడుగువల దించే కాలం ఆ ఉదయమే మొదలైంది. తొలి వలలో ముందుగా చేతికి తగిలిన జీవి, జాలరులను కాచే ఎబిసు స్వామిది. దానికి కత్తి తాకరాదు. పడవ ఇంటివారే సాకే అనే బియ్యపు సారా ధార పోసి, కడలికి తిరిగి అప్పగించాలి. తల్లి గతించిన నాటి నుంచి ఆ ధార తెప్పేయి చేతి మీదుగానే సాగుతోంది. ఈ ఏడు స్వామి వాటాగా దక్కినది మూరెడైనా లేని నల్లని దీపసొర. అది కాస్తా సముద్రజీవుల మీద పరిశోధన చేస్తున్న మినోరి తొట్టెలో చేరింది.

"నిరుటి నుంచి మా పడవ ఎక్కుతున్నారు. కట్టుబాటు తెలీదా, పండితురాలమ్మా?"

"తెలుసు. అయినా ఇవ్వను. ఇది మ్యూజియానికి వెళ్తుంది."

"కాకిసొర కోసం ఇంత గొడవా? వలలో పడితే విసిరేసే చేప!"

"నల్లగా ఉన్నవన్నీ కాకిసొరలేనా? ఈ కుటుంబంలో యాభై పైచిలుకు జాతులున్నాయి. అన్నిటికీ వెన్ను మీద రెండు రెక్కలు, వాటి ముందు ముళ్లు. తేడా తెలిసేది ఇక్కడ." ఆమె వేలు సొర ఒంటి పక్కన, తోకకు కాస్త ముందున్న మచ్చ మీద నిలిచింది. "వెలుగునిచ్చే కణాలు గుంపుగా ఉండే చోటిది. కాకిసొరకి తిన్నగా ఉంటుంది. దీనికి కొడవలిలా వంగింది."

"అయితే?"

"నిరుడు ఇలాంటిదే ఒకటి పట్టుకెళ్తే, 'వల రాపిడికి మచ్చ చెదిరింది, కొత్త జాతీ లేదు, పాడూ లేదు' అన్నారు మా ప్రొఫెసర్. ఈసారీ ఉత్తచేతులతో వెళ్తే నా పరిశోధనకి మంగళం పాడేస్తారు."

చుక్కాని గది నుంచి గెంజిరో గొంతు ఉరిమింది. ఆయన తెప్పేయి తండ్రి, ఆ పడవకు సరంగు. "అమ్మాయ్! స్వామి వాటా పట్టుకెళ్తే, మళ్లీ నా పడవ మీద కాలు పెట్టకు!"

"పెట్టను, సరంగు గారూ. కానీ ఇదీ ఇవ్వను."

తెప్పేయి సాకే సీసాను పడవ పలక మీద ఉంచి, తొట్టె చుట్టూ నడిచి, ఆమె పక్కన నిలిచాడు.

"ఆవిడ దిగితే నేనూ దిగుతా, నాన్నా."

"నువ్వెందుకురా?"

"ఏమో. దిగుతానంతే."

మినోరి గుర్రుగా చూసింది. "మిమ్మల్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు. అందుకే వచ్చా."

అంతలో తొట్టెలో నీరు చెదిరింది. తల్లి సొర వెనుక వేలెడంత నల్లని పిల్ల ఒకటి జారింది. దాని వెంట మరొకటి, ఇంకొకటి.

"ఇవి గుడ్లు పెట్టవా?"

"గుడ్డు కడుపులోనే పొదుగుతుంది. ఆ పచ్చసొన తిని పెరిగి, బయటికొస్తాయి. ముందు ఆ వానకోటివ్వండి!"

కోటును తొట్టె మీద కప్పి, ఇద్దరూ తలలు లోపలికి దూర్చారు. చీకటి కుదురుకున్న కొద్దీ, ఆ చిట్టి దేహాలపై సన్నని నీలికాంతి తేలింది. ప్రతి పిల్ల ఒంటి పక్కనా ఒక చిన్న కొడవలి మచ్చ.

"వలే తగలని ఒంటికి రాపిడెక్కడిది?" మినోరి ఒక్కో మచ్చనూ వేలితో చూపింది. "ఇక మా ప్రొఫెసర్‌నే చెప్పమనండి, కడుపులో వల ఎవరు వేశారో!"

"ఇంతకీ ఈ వెలుగు దేనికి?"

"పొట్ట వెలుగు దాక్కోవడానికి. కింద నుంచి చూసేవాళ్లకి నీడ కనబడదు."

"మరి పక్క మచ్చ?"

"అంత చీకట్లో తనవాళ్లని పోల్చుకోవడానికని మా ఊహ."

"నేను తొట్టెకి ఈ పక్కకి వచ్చేశానే. ఇంకా పోల్చుకోలేదా?"

మినోరి కోటు అంచును ఇంకాస్త కిందికి లాగింది.

"ఇంకాస్త దగ్గరగా చూస్తే గానీ చెప్పలేను," అన్నది మినోరి.

కోటు తొలగించేసరికి గెంజిరో ఎదురుగా ఉన్నాడు. తెప్పేయి చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, వలలో వచ్చింది తల్లి ఒక్కతే. పిల్లలు తొట్టెలో పుట్టాయి. స్వామి వాటా స్వామికే ఇద్దాం."

"తల్లిని ఇస్తాను," అన్నది మినోరి గడ్డమెత్తి. "పిల్లల్ని మాత్రం అడగొద్దు."

"నేనడిగానా?"

ఆయన వంగి సాకే సీసా అందుకున్నాడు. కొడుకు చాచిన చేతిని దాటించి, దాన్ని మినోరి ముందు నిలిపాడు.

"ధార పొయ్యి."

"ఇంటివాళ్లే కదా పోయాలి?"

"మా కట్టుబాటు నాకే నేర్పుతావా?"

"నేనింకా ఏ పెళ్లికీ ఒప్పుకోలేదు!"

"ఒప్పుకోమన్నానా? పొయ్యమన్నాను."

మినోరి సీసాను లాక్కున్నంత పని చేసి, రెండు చేతులా పట్టుకుని, తలవంచి ధార పోసింది. తెప్పేయి ఎత్తి వదలగానే తల్లి సొర నల్లని కడలి నీటిలోకి జారి, తన లోతులకు తాను సాగిపోయింది.

"ప్రొఫెసర్‌తో యుద్ధానికి రేపే బయల్దేరుతున్నా," అన్నదామె, ముఖాన వాననీరు తుడుచుకుంటూ.

"ఎవరూ రమ్మనకపోయినా వస్తా."

ఆమె తొట్టెకు ఒక పక్కన చెయ్యి వేసి, రెండో పక్కను అతనికి చూపింది.

"ఈసారి నేనే రమ్మంటున్నా. పట్టు."