పదిహేడో నంబరు బిళ్ళ

మీ పిల్లను ఆటల పార్కులో వదిలి, బయట కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటారు కదా. లోపల లెక్కపెట్టే మనిషి నిజంగా లెక్కపెడుతున్నది పిల్లలనేనా? ఎప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. నేనూ అడగలేదు. అడగాల్సిన ఉద్యోగంలో ఉండి కూడా.

ఒక పెద్ద థీమ్ పార్కులో చిన్నపిల్లల విభాగానికి నేను సూపర్‌వైజర్ని. రెండంతస్తుల ఎత్తున ప్లాస్టిక్ సొరంగాలు, వలలు, జారుడుబల్లలు, కింద రంగు బంతుల తొట్టి. గుమ్మం దగ్గర చెప్పుల అర. దాని పక్కన నలభై కొక్కేల బోర్డు, కొక్కానికో పసుపు బిళ్ళ, బిళ్ళమీద నంబరు. లోపలికి వెళ్ళే పిల్ల చేతికి బిళ్ళ కడతాం. బయటికొచ్చేటప్పుడు విప్పి కొక్కానికి తగిలిస్తాం. పక్క గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళు బిళ్ళను అక్కడి డబ్బాలో వేసి పోతారు. సాయంత్రం బోర్డు నిండితే లోపల ఎవరూ లేనట్టు. అప్పుడు గేటు పిన్ని తాళం వేస్తుంది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ గేటు పిన్నే.

నన్ను మాత్రం అందరూ లాయరమ్మ అంటారు. కాలేజీలో వాదనల పోటీల్లో కప్పులు గెలిచిన నోరు నాది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఎదుటివాళ్ళ చేత ఒప్పించి, నాలుగో కాలు వాళ్ళే దాచారని కూడా నిరూపించగలను.

రెండేళ్ళ క్రితం పదిహేడో నంబరు బిళ్ళ పోయింది. కొత్తది చేయించాను. వారం తర్వాత బంతుల తొట్టి కడుగుతుంటే పాతది దొరికింది.

"ఒకే నంబరువి రెండెందుకు అమ్మాయ్? ఒకటి విరిచి పారెయ్" అంది పిన్ని.

"పారేస్తాలే పిన్నీ" అన్నాను. సొరుగులో వేశాను.

ఆ ఆదివారం జనం తోసుకొచ్చారు. నలభై బిళ్ళలూ లోపలే ఉన్నాయి. వరసలో ముందున్న ఒక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఒక్కరే కదా అనుకుని సొరుగులోని పదిహేడు తీసి కట్టాను. ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ఏడుపు ఆగింది, అంతే నాకు కావాల్సింది.

సాయంత్రం బోర్డు నిండింది. నలభై కొక్కేలు, నలభై బిళ్ళలు. పిన్ని తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"చెప్పుల జత ఒకటి మిగిలింది అమ్మాయ్."

బుల్లి ఎర్ర చెప్పులు. ఒకదాని పట్టీ తెగితే ఎవరో నీలం గుండీ పెట్టి కుట్టారు. అప్పటికే ఒకావిడ బయట గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది. చెప్పులు చూడగానే పరుగెత్తుకొచ్చింది.

"మా పాపవే. గుండీ నేనే కుట్టాను. ఐదేళ్ళ పిల్లండీ, ఇంకా లోపలే ఉంది."

"నంబరెంతండీ?"

"పదిహేడు."

నేను బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. "ఇదిగో పదిహేడు. మీ పాప ఎప్పుడో బయటికొచ్చేసింది. పక్క గుమ్మంలోంచి గుర్రాల చక్రం వైపు వెళ్ళి ఉంటుంది. చెప్పులు మరిచి వట్టి కాళ్ళతో పోయే పిల్లలు రోజుకు పదిమంది ఉంటారు."

"మా పాప చెప్పుల్లేకుండా అడుగు వెయ్యదండీ. కాలికి గచ్చు తగిలితేనే ఎత్తుకోమంటుంది."

దానికీ నా దగ్గర జవాబుంది. ఆట ధ్యాసలో పడ్డ పిల్లలకు కాళ్ళు గుర్తుండవన్నాను. ఇక్కడ నిలబడ్డ కొద్దీ బయట ఆలస్యమవుతోందన్నాను. కింద నుంచి రెండుసార్లు కేకేశాం. జవాబు రాలేదు. చూశారుగా అన్నాను. పోలీసులు వచ్చినా అదే బోర్డు, అదే వేలు, అదే పదిహేడు. చెరువు వెతికారు, రోడ్డు వెతికారు.

నేను గెలిచాను.

వెళ్ళేముందు ఆ తల్లి చెప్పుల్ని మళ్ళీ అరలో పెట్టింది. "ఇక్కడే ఉంచండి. వస్తే వెతుక్కుంటుంది."

మర్నాడు పొద్దున మరమ్మతు పని ఉంది. పై అంతస్తులో ఎర్ర సొరంగం బీటలిచ్చింది. అవతలి కొసను అంతకుముందు వారమే మూసేశాం. ఇవతలి కొసకు మూత పెట్టి బిగించాలి. బిగించేది బోల్టు బాబాయ్. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకో పద్ధతి, ఏ సొరంగం మూసినా ముందు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పాకి చూడాల్సిందే.

"మోకాళ్ళ నొప్పితో అంత లోపలికి ఎందుకు బాబాయ్? పది గంటలకు బడిపిల్లలు వస్తున్నారు. బోర్డు నిండుగా ఉంది."

"బోర్డు సంగతి సరే లాయరమ్మా. లోపల ఏదో టక్కుమంటోంది."

నేనూ విన్నాను. టక్. ఆగి, టక్ టక్.

"ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది బాబాయ్. సాగినప్పుడు అలాగే శబ్దమొస్తుంది."

ఆయన నా వంక చూశాడు. "చదువుకున్నదానివి" అని మూత ఎత్తాడు. పన్నెండు బోల్టులు. ఆఖరిది బిగించి చెయ్యి తుడుచుకుంటున్నప్పుడు నాకు గుర్తొచ్చింది. పదిహేడు రెండున్నాయి.

అప్పుడైనా నోరు తెరవచ్చు. అంత నోరున్నదాన్ని. తెరవలేదు. లోపల ఉంటే ఏడ్చేది కదా అని నాతో నేనే వాదించుకున్నాను. సాయంత్రం అందరూ వెళ్ళాక ఎక్కి, మూతమీద మూడుసార్లు తట్టాను. చెవి ఆనించాను. ఏమీ లేదు. చూశావుగా అనుకుని దిగిపోయాను. ఆ చెప్పులు అరలో కనబడుతుంటే అన్నం సయించేది కాదు. తీసి నా సొరుగులో అడుగున పెట్టాను. పెట్టేముందు ఎందుకో ఒక చెప్పును అరచేతిలో పెట్టుకుని చూశాను. వేలి కొసల దాకా కూడా రాలేదు.

పాప దొరకలేదు. ఎక్కడా.

ఈ వారం ఆ విభాగం మొత్తం విప్పి కొత్తగా కడుతున్నాం. పార్కు మూసి ఉంది. నిన్న పొద్దుట్నుంచీ వాన. కరెంటు తీసేశాం. మధ్యాహ్నమే అయినా పై అంతస్తులో మబ్బు వెలుగు తప్ప ఏమీ లేదు. తడిసిన స్పాంజి వాసన, పాత రబ్బరు వాసన, వాటి మధ్య సన్నగా చాక్లెట్ వాసన. పిల్లలు లేని ఆటస్థలంలో వలలు ఊరికే ఊగుతుంటాయి. కింద బంతులు వాటంతటవే ఒకటో రెండో దొర్లుతుంటాయి. అలవాటే.

ఎర్ర సొరంగం విప్పే రోజు నేను ఉండి తీరాలనుకున్నాను. నిన్న ఆ పనికి బోల్టు బాబాయ్ పానా తీశాడు. పిన్ని టార్చి పట్టుకుంది.

టక్.

ముగ్గురం ఆగిపోయాం.

టక్ టక్.

బాబాయ్ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. కప్పుమీద వాన కురుస్తూనే ఉంది.

"ఇవాళ ఎండ లేదుగా లాయరమ్మా" అన్నాడు గొంతు తగ్గించి.

వాదించకుండా మూత దగ్గరికి జరిగాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

నేను మూతమీద తట్టాను. మూడుసార్లు. ఆ సాయంత్రం తట్టినట్టే. లోపల నిశ్శబ్దం... తర్వాత అటువైపు నుంచి, సరిగ్గా నా అరచెయ్యి కిందనే... ఒకటి. రెండు. మూడు.

"తీయండి బాబాయ్."

"కాస్త ఆగమ్మా. ఎవరినైనా..."

"తీయండి."

పానా అవసరం రాలేదు. బోల్టులు వేళ్ళకే వదులుగా తిరిగాయి. పన్నెండూ. మూత వాలగానే లోపలి గాలి ముఖానికి తగిలింది. వెచ్చగా. అప్పుడే నిద్రలేచిన పిల్ల ఊపిరిలా.

పిన్ని టార్చి వేసింది. ఎర్ర గోడలు. అవతలి కొసన మూసిన స్పాంజి. ఖాళీ. ఏమీ లేదు. రెండేళ్ళు మూసి ఉన్న చోట చిటికెడు దుమ్ము కూడా లేదు. రోజూ ఎవరో పాకుతున్నట్టు అడుగంతా నున్నగా ఉంది.

"అమ్మయ్య" అన్నాను. అన్నది నేనేనా అనిపించింది.

 బాబాయ్ మూతను తిప్పి, లోపలి వైపును వెలుగుకు పట్టాడు.

అరచేతి గుర్తులు. కింద వరసలో బుల్లి చేతులవి, బెల్లం ముక్కంత. ఆ పైవరసలో కొంచెం పెద్దవి. ఆ పైన ఇంకొంచెం. అన్నిటికంటే పైన ఒకటి, ఏడేళ్ళ పిల్లదంత... అది ఇంకా తడిగా ఉంది. మేం చూస్తుండగానే అద్దంమీద ఆవిరిలా అంచుల నుంచి ఆరిపోయింది.

అప్పుడు చెప్పాను. రెండో బిళ్ళ సంగతి, సొరుగు సంగతి, ఆఖరి బోల్టు సంగతి. మధ్యలో ఒక్క కారణం కూడా కలపలేదు.

పిన్ని టార్చిని బాబాయ్ చేతికిచ్చి నా వైపు తిరిగింది. "పారేస్తానన్నావు కదే" అంది. అమ్మాయ్ అనలేదు.

బాబాయ్ మోకాళ్ళమీద వంగాడు. నేను ఆపబోతే నా చెయ్యి తీసేశాడు. టార్చి నోట కరచుకుని లోపలికి పాకాడు. ఆ కొస దాకా వెళ్ళి, తట్టి, తడిమి, వెనక్కి వచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరూ లేరు. కానీ తిరిగొస్తుంటే..." ఆగాడు. "ఎవరో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగారమ్మా."

కిందకు దిగి సొరుగు తీశాను. ఎర్ర చెప్పులు అడుగునే ఉన్నాయి. నీలం గుండీ, అదే వంకర కుట్టు. ఒకటి తీసి అరచేతిలో పెట్టాను.

నా వేలి కొసలు దాటి పోయింది.

మడమ దగ్గర అరిగి ఉంది. వెచ్చగా ఉంది.

ఆ తల్లి ఫోను నంబరు నా దగ్గర రెండేళ్ళుగా ఉంది. చేశాను. నేనెవరో చెప్పాను. పదిహేడు రెండున్నాయని చెప్పాను, ఆ రోజు మీరన్నదే నిజమని చెప్పాను. సొరంగం గురించి, చేతుల గురించి ఇంకా ఎత్తనే లేదు. చెప్పులు దాచానని మాత్రం అన్నాను. అరిచి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది.  ఒక్క మాట అడిగింది.

"ఇప్పుడు ఏ సైజండీ?"

చెప్పులు పెరిగాయని నేనావిడకు చెప్పలేదు.

ఇవాళ పొద్దున ఆ జతను తీసుకొచ్చి, ఆవిడ పెట్టిన చోటే, చెప్పుల అర అడుగు వరసలో పెట్టాను. పని ఆపించాను. పోలీసులకు అంతా చెబుతాను, దానికి వాదన తయారు చేసుకోవడం లేదు. ఆవిడ సాయంత్రం వస్తానంది. అప్పటిదాకా అర పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక తల ఎత్తి చూసేసరికి చెప్పులు రెండూ గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. నేను పొద్దున పెట్టింది లోపలి వైపుకు.

ఎక్కడైనా సరే, పిల్లల ఆటస్థలానికి తాళం వేసే మనిషి మీరైతే, ఇవాళ ఒక్క పని చేయండి. బోర్డు వంక చూడకండి. నాలాంటి నోరున్నవాళ్ళు పక్కనుంటే వాళ్ళ మాట వినకండి. వంగి చెప్పుల అర చూడండి. ఒక్క జత మిగిలినా తాళం కింద పెట్టి, మోకాళ్ళమీద లోపలికి వెళ్ళండి. చివరి కొస దాకా వెళ్ళండి.