మోహన్ చుక్క

టార్చ్ వెలుగు పిట్టగోడ మీద పడింది.

ఎవాంజలిన్ చటుక్కున కూర్చుండిపోతుంది. పక్కనున్న ఆదిలక్ష్మమ్మ తలని కూడా కిందికి వంచుతుంది.

వెలుగు జారి పక్క మేడకి వెళ్లింది.

కింద వీధిలో, నడుం లోతు నీళ్లలో ఇద్దరు మగాళ్లు. ఒకడి చేతిలో టార్చ్. ఇంకొకడి చేతిలో గునపం... ఆ గునపంతోనే ఇందాక ఆదిలక్ష్మమ్మ భర్త శ్రీరామ్మూర్తిని కొట్టారు. బీరువా పగలగొడుతుంటే అడ్డం వెళ్లాడని. అడ్డుపడిన ముసలామె కాలు కూడా చీరేశారు.

అదంతా ఎవాంజలిన్ చూసింది. ఆమె చూసిందని వాళ్లూ చూశారు.

అప్పట్నుంచీ పరుగే!

ఇంకా సాయంత్రమే. తుఫాను దెబ్బకి అర్ధరాత్రిలా ఉంది. గాజువాక అవతల ఈ పల్లపు కాలనీలో కరెంటు లేదు. సెల్ సిగ్నల్ లేదు. జనం కూడా లేరు. ఖాళీ చేయించింది ఎవాంజలిన్, తోటి వాలంటీర్లే. మొండికేసి ఉండిపోయిన ఈ ముసలాళ్లిద్దరి కోసమే ఆమె తిరిగొచ్చింది.

"మీ తాతకి ఊపిరుందేమోనే అమ్మీ," ఆదిలక్ష్మమ్మ గొణుగుతోంది. "ఒక్కపాలి సూసొత్తాను."

"వద్దు మామ్మా. ఆ కాలితో మెట్టు కూడా దిగలేవు."

"ఆయన నీలల్లో ఉన్నాడే..."

ఎవాంజలిన్‌కి ఏడుపొస్తోంది. దిగమింగుకుంటుంది. ముసలామె కాలికి కట్టిన చున్నీ తడిసి ముద్దయింది. రక్తం ఆగట్లేదు. పడవ రావాలి. తొందరగా రావాలి.

ఫోన్ తీస్తుంది.

ఉన్న దిక్కల్లా అన్నయ్య సుందర్ రాజ్ నెట్టే. ఆటోనగర్‌లో అతని మెకానిక్ షెడ్డు కప్పు మీద సాటిలైట్ డిష్. కింద జనరేటర్. అక్కణ్నుంచి కాలనీ మేడల మీద కట్టిన బ్యాటరీ వైఫై బాక్సులకి సిగ్నల్. వాలంటీర్లందరూ ఫోన్లో మ్యాప్ పెట్టుకుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో చుక్క. చుక్కని పట్టుకుని సన్యాసిరాజు పడవ వస్తుంది.

అన్నయ్య రూల్స్ రెండు. సిగ్నల్ సన్నం, కాల్స్ చేయొద్దు, మెసేజ్ చూస్తే బొటనవేలి బొమ్మ పెడితే చాలు. ఫోన్‌కి లాక్ వేయొద్దు, ఎవరైనా పడిపోతే పక్కవాళ్లు తీసి వాడాలి.

మంచి రూల్సే. ఆమే అందరికీ దగ్గరుండి నేర్పింది.

మ్యాప్ తెరుచుకుంది. సన్యాసిరాజు పడవ ఎక్కడో హైవే దగ్గరుంది. కానీ మోహన్ చుక్క... ఈ వీధిలోనే!

ప్రాణం లేచొచ్చింది. వాలంటీర్లలో మోహన్ ఆమెకి జత. వెనక వీధి చూసొస్తానని ఇందాకే వెళ్లాడు.

గబగబా టైప్ చేసి మోహన్‌కి పంపుతుంది. "ఇద్దరు దొంగలు. తాతని కొట్టారు. మామ్మా నేనూ పచ్చమేడ పైన ఉన్నాం."

బొటనవేలు వచ్చింది.

"మోహన్ వస్తున్నాడు మామ్మా."

"ఆడొక్కడూ ఏటి సేత్తాడే?"

"మనకంటూ ఒక మనిషి ఉంటాడు కదా."

కింద నీళ్ల చప్పుడు. టార్చ్ ఆగింది. వెనక్కి తిరిగింది.

ఎవాంజలిన్ మ్యాప్ చూస్తుంది. మోహన్ చుక్కా వెనక్కి తిరిగింది.

టార్చ్ కదిలితే చుక్క కదులుతోంది. టార్చ్ ఆగితే చుక్క ఆగుతోంది.

ప్రభువా...

లాక్ లేని ఫోన్. మాట అక్కర్లేని జవాబు. మరి మోహన్ ఏడి?

"ఇందులో సుక్క సూపిత్తన్నది ఆ పచ్చమేడేరా బావా," కింద గొంతు. "ఇందాకటి కుర్రోడి పక్కనే పడుకోబెట్టేద్దాం."

ఎవాంజలిన్ నోరు నొక్కుకుంటుంది. మోహన్‌కి ఏమైందో ఇంక అడగాల్సిన పని లేదు. ముసలామెని ఈడ్చుకుంటూ వాటర్ ట్యాంకు వెనక్కి పాకుతుంది. ఈసారి వాలంటీర్ల గ్రూపుకే టైప్ చేస్తుంది. "మోహన్ ఫోన్ వాళ్ల దగ్గరుంది. కాపాడండి."

మెసేజ్ వెళ్లలేదు.

చుక్కలన్నీ ఆరిపోయాయి!

మెట్ల మీద అడుగులు. సగంలో ఆగాయి.

"ఏటిరా, ఇందులో బొమ్మ పోనాది?"

"నెట్టు పోనాది బావా. ఇది పచ్చమేడో నీలం మేడో, ఈ టార్చీకి తెలిసి సావట్లేదు."

"ఎల్లిపోదాం రా. పడవొచ్చేత్తాది."

అడుగులు దిగిపోతున్నాయి. నీళ్ల చప్పుడు దూరమవుతోంది.

ఎవాంజలిన్ ఊపిరి వదులుతుంది. నెట్ పోయినందుకు జీవితంలో మొదటిసారి సంతోషించింది. కానీ నెట్ లేకపోతే సన్యాసిరాజుకి దారేది? ఈ చీకట్లో అన్ని వీధులూ ఒక్కలాగే ఉంటాయి.

ఆదిలక్ష్మమ్మ చెయ్యి చల్లబడుతోంది.

"మామ్మా, పడుకోకు. నాతో మాట్లాడు."

"సలేత్తందే అమ్మీ..."

ఫోన్ వెలిగింది.

చుక్కలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఆగిపోయిన ఆమె మెసేజ్ గ్రూపులోకి వెళ్లిపోయింది. ఆ వెంటే అన్నయ్య మెసేజ్.

"జనరేటర్ ఆగిపోయింది. నా బండిలో పెట్రోల్ తీసి పోశాను. చెల్లీ, తెల్లారేదాకా నెట్ పోనివ్వను. భయపడకు."

సన్యాసిరాజు చుక్క హైవే దాటి కదిలింది. దూరం... చాలా దూరం.

వీధి చివర మోహన్ చుక్క ఆగింది.

ఫోన్ ఆఫ్ చేస్తే వాళ్లు రారు. పడవా రాదు. వేలు బటన్ మీద ఉంది. ముసలామె పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావట్లేదు.

ఎవాంజలిన్ వేలు తీసేస్తుంది. ఫోన్ ఆన్‌లోనే ఉంచుతుంది.

అన్నయ్య మెసేజ్ కింద వాలంటీర్ల బొటనవేళ్లు పడుతున్నాయి. సన్యాసిరాజుది. రాధది. గుణశేఖర్‌ది.

ఆ తర్వాత మోహన్‌ది.