గండికోటలో చిలకపచ్చ చీర

ఎదురింటి తిమ్మక్క ఉదయ్‌కు చెప్పింది. అది కూడా ఆమె చూసింది కాదు, కారు నడిపే అల్లుడు ఫోన్లో చెప్పిందట.

"మా అల్లుడు గండికోటకు కిరాయి పోయినాడప్పా. ఆడ లోయ కాడ, టెంట్ల తట్టు, మీ శ్వేత సీర కనపడినాదంట. పక్కన ఎవరో మగమనిషంట. నాకెందుకులే... సెప్పకుంటే మనసు ఊరుకోదు."

శ్వేత ఆదోనిలో పుట్టింటికని కదా వెళ్లింది!

ఉదయ్ బీరువా తీశాడు.

చీర లేదు.

చిలకపచ్చ చీర. తన మగ్గం మీద తనే నేసింది. కొంగు చివర ఒకే ఒక్క పసుపు పోగు, శ్వేత కోసం. అలాంటిది ఎమ్మిగనూరు మొత్తంలో ఇంకొకటి లేదు.

చీర ఉండే చోట ఒక కాగితం. శ్వేత రాత.

'గండికోటలో చేయాల్సినవి. లోయ అంచున కూర్చొని పొద్దు పొడవడం చూడాలి. మనసుకు దగ్గరి మనిషి పేరు గట్టిగా పిలవాలి, లోయ తిరిగి పలుకుతుందంట. తర్వాత కిందికి దిగి పడవ ఎక్కాలి.'

ఎవరితో?

తనను నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ "మగ్గం మీది ఈ పడుగు అయిపోనీ" అన్నాడు.

ఫోన్ చేయలేదు. చేస్తే జాగ్రత్త పడుతుంది.

ఇప్పుడు బండి జమ్మలమడుగు దాటుతోంది. రాత్రంతా ఒక్క చోట ఆగలేదు. కళ్లు మండుతున్నాయి.

తూర్పు తెల్లబడుతోంది. కోట గోడ పక్కన టీ బండి.

"పచ్చ సీర కట్టుకున్న ఆమె..."

"ఆ జంటనా అన్నా? బండల మీదికి పోయినారు. సలికి ఆయప్ప మంకీ క్యాప్ ఏసుకున్నాడు. ఇద్దరూ ఒకటే నవ్వులు."

జంట!

ఉదయ్ పరుగెడుతున్నాడు. ఎర్ర బండలు. కాలు జారుతోంది. ఆగలేక శ్వేత నంబరు నొక్కుతాడు.

బిజీ.

మళ్లీ నొక్కుతాడు. మళ్లీ బిజీ. కావాలనే కట్ చేస్తోంది!

ఎదురుగా లోయ. నిలువునా చీలిన కొండ. ఎంతో లోతున పెన్నా.

అంచున చిలకపచ్చ చీర. వీపు ఇటు. గాలికి కొంగు ఎగిరింది... పసుపు పోగు మెరిసింది.

పక్కన మంకీ క్యాప్ లేచి నిలబడ్డాడు. నోటికి చేతులు అడ్డం పెట్టాడు.

"శ్వేతా..."

శ్వేతా... తా... తా... లోయంతా తన పెళ్లాం పేరే.

ఉదయ్ కళ్లకు ఇంకేమీ కనబడలేదు. తోసేశాడు!

మనిషి జారాడు. చేతికందిన కొంగు పట్టుకున్నాడు. చీర బిగిసింది. ఆమె కూడా అంచుకు జారుతూ తల తిప్పింది.

శ్వేత కాదు...

శ్వేత అక్క, ఉమారాణి!

"ఉదయ్, మీ అన్నను పట్టుకో!"

కింద వేలాడుతున్నది ఆమె భర్త రాజశేఖర్. తన తోడల్లుడు.

ఉదయ్ బోర్లా పడ్డాడు. రెండు చేతులా కొంగు లాగుతున్నాడు. పోగులు పటపటమంటున్నాయి... మణికట్టు అందింది. లాగాడు. ఇంకా లాగాడు.

రాజశేఖర్ బండ మీద పడి రొప్పుతున్నాడు. పిడికిలిలో ఇంకా ఆ పసుపు పోగు.

"మనిషివేనా నువ్వు? శ్వేతే తన పేరు పిలవమంటే పిలిస్తినప్పా."

"అది ఎన్నిసార్లు అడిగినా నువ్వు తోలుకొని పోవు," అంది ఉమారాణి. "నా బదులు సీరైనా సూసి వస్తాది, కట్టుకొని పో అక్కా అని ఇచ్చింది. ఫోన్లో దానికి లోయ సూపిస్తాంటిమి."

ఫోన్ రాతికి ఆనించి ఉంది. వీడియో కాల్ నడుస్తూనే ఉంది. తెరలో ఆదోని ఇల్లు, తల దువ్వుకోని శ్వేత. అంతా చూసింది.

"శ్వేతా, నేను... సీర సూసి..."

"పదేండ్లు కాపురం సేసినా నా ఈపేదో గుర్తుపట్టల్యా. సీరను గుర్తుపట్టినావు. ఆ సీరనే తీస్కపో, దాంతోనే కాపురం సెయ్. నేను రాను."